గుడియాత్తం నుంచి వేలూరుకు ఆకాశమార్గం

ఆ వయసులో నాకు ఫోను చెప్పిందే వేదం. అక్క పెళ్లిరోజున నేను చేసిన తప్పు ఏమిటంటే, విమానానికి వేసిన లెక్కను నమ్ముకుని మోటారుసైకిలు ఎక్కాను. మాది గుడియాత్తంలో మగ్గాల ఇల్లు. పెళ్లికూతురి ముహూర్తం చీరను ఇంటి మగ్గం మీదే నేసి, పెళ్లిరోజు తెల్లవారాక ఇంటి మనిషి చేత్తోనే మగ్గం నుంచి కోసి తీయాలన్నది మా పద్ధతి. పెళ్లేమో వేలూరు మండపంలో. అందరూ ముందురోజే వ్యానులో వెళ్లిపోయారు. నాయన నేసిన ఆ చీరను కోసి, ముహూర్తానికి ముందే అక్కకు అందించే పని నాకు అప్పగించారు.

చీర కోసి, సంచిలో పెట్టి, ఫోనులో దూరం వెతికాను. ఆకాశమార్గాన ముప్పై కిలోమీటర్ల లోపే, విమానంలో నాలుగు నిమిషాలు కూడా పట్టదని వచ్చింది. (గుడియాత్తంలో విమానం ఎక్కడ ఎక్కాలో మాత్రం అందులో లేదు.) ఇక నిదానంగా స్నానం చేసి, హోటల్లో పొంగల్ తిని, రెండో కాఫీ చెప్పాను. అంతలో నాయన ఫోను. "బయలుదేరినావా రా?"

"ఇదో నాయనా. నేరుగా చూస్తే ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. ఆకాశంలో అయితే నాలుగు నిమిషాలే."

"ఆకాశంలో నీకు ఎవుడు రోడ్డేసినాడు రా? సీక్రం రా, అయ్యవారు తొందర పెడతా ఉండాడు."

కాఫీ వదిలేసి బండెక్కాను. ఫోనులో నేరుగా గీసిన గీత పాలారు ఏటిని దాటుతోంది. వంతెన దాకా చుట్టు తిరగడమెందుకు, ఏట్లో నీళ్లు లేవు కదా అనుకుని, రోడ్డు వదిలి ఇసుకలోకి దిగాను. పది గజాలు పోకముందే బండి చక్రం సగం దాకా కూరుకుపోయింది. చీర సంచి మెడకు తగిలించుకుని, పళ్లు బిగబట్టి తోయడం మొదలుపెట్టాను. మేకలు కాస్తున్న ఒకావిడ కాసేపు చూసి, "యాడికి నాయనా, బండిని నడిపించుకుంటా పోతుండావు?" అంది.

"వేలూరికి అక్కా, పెళ్లికి. ఇట్లయితే దగ్గిర."

"దగ్గిరే. నడిచే వాళ్లకి."

వెనక్కి తిరగమని కాళ్లు మొత్తుకున్నా, నేను తిరగలేదు. అవతలి గట్టు ఎక్కి మండపానికి చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. అమ్మ పాత పట్టుచీర కట్టుకుని అక్క కూర్చుని ఉంది. నాయన నా వైపు చూడలేదు. అక్క మాత్రం సంచి తెరిచి, చీర నిమిరి, ఇసుక దులిపి, "బాగుండాది. ఎవురి పెళ్లికి తెచ్చినావు?" అని అడిగింది. ఆమె కళ్లలో నీళ్లు లేకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

మర్నాడే నాయన మగ్గం గుంటలో, తొక్కుడు పలకల మీద కాళ్లు పెట్టి కూర్చున్నాను. కాలేజీ చదివానన్న గొప్పతో అంతవరకు దాని వైపు చూసినవాణ్ణి కాదు. "చేతులు తరవాత, ముందు కాళ్లు చూసుకో రా" అని నాయన తిడుతూనే నేర్పాడు. తెంపిన దారాలకు, పాడుచేసిన గుడ్డకు లెక్కలేదు. చివరికి అక్క సీమంతానికి నా చేత్తో ఒక చీర నేసి, ఒకరోజు ముందే తీసుకెళ్లి ఇచ్చాను. అందులో ఒకచోట నేత వదులైపోయింది. అక్క అది చూసింది. ఆ భాగాన్ని కుచ్చిళ్లలోకి మడిచి కట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "మా తమ్ముడు నేసినాడు" అని చెప్పుకుంటూ తిరిగింది.