కొనే కాటా, అమ్మే కాటా

మా కొట్లో రెండు కాటాలు ఉండేవి. రెండూ కొక్కేనికి వేలాడే స్ప్రింగు కాటాలే. గుండ్రటి పలక, దాని మీద ఎర్ర ముల్లు. గుమ్మానికి ఎడమవైపుది కొనే కాటా. కొండల మీంచి దిగి వచ్చినవాళ్ళ మిరియాలు, పసుపు, రాజ్మా దాంతో తూచి తీసుకునేవాళ్ళం. కుడివైపుది అమ్మే కాటా. ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు దాంతో తూచి వాళ్ళకిచ్చేవాళ్ళం. కొనేది తక్కువ చూపించేది, అమ్మేది ఎక్కువ చూపించేది. సరిగ్గా ఎంత తక్కువో, ఎంత ఎక్కువో నాకు తెలియదు. వెనకాల మర మా నాన్న తిప్పి, లక్కతో మూసేశాడు. ఆయన పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. నేను తిప్పలేదు కాబట్టి ఆ పాపం నాది కాదని నా లెక్క.

సిగ్గు లేకుండా చెబుతున్నాడని అనుకునేవాళ్ళు అనుకోండి. మా పిల్లాడి సంగతి చెప్పాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి.

మాది విజయనగరం వైపు. మా తాత సరుకు నెత్తిన పెట్టుకుని ఘాటీ ఎక్కి వచ్చి ముంచింగిపుట్టు దారిలో కొట్టు పెట్టాడు. ఇక్కడివాళ్ళకు మేం మూడు తరాలుగా సావుకార్లం. నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం కొట్టుకు పనికొస్తుందని మా నాన్న మురిసిపోయేవాడు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నా భార్య కడుపుతో ఉంది. ఎనిమిదో నెల పడీ పడగానే నొప్పులొచ్చాయి. విశాఖ తీసుకెళ్ళాం. పిల్లాడు పుట్టినప్పుడు కిలో మూడు వందల యాభై గ్రాములు. అద్దాల పెట్టెలో, గొట్టాల మధ్య నాలుగు వారాలున్నాడు. కిలో ఏడు వందలకు వచ్చాక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. పంపేముందు డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఒకటికి రెండుసార్లు చెప్పింది. వీడు ఆకలేసి ఏడుస్తాడని చూడొద్దు, ఏడవడానిక్కూడా వీడికి ఓపిక లేదు. రెండు గంటలకోసారి మీరే లేపాలి. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. బట్ట అడ్డం లేకుండా ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పెట్టుకోవాలి. వారం వారం తూచాలి. రెండు కిలోలు దాటేదాకా ఇందులో ఒక్కటీ మానొద్దు. దాటితే గండం గట్టెక్కినట్టే, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అంది.

రెండు కిలోలు. అది మా ఇంట్లో మంత్రమైపోయింది. నా భార్య తలస్నానం కూడా రెండు కిలోలు దాటాకే అంది. అప్పటికి పుష్యమాసం. మధ్యాహ్నం దాకా మంచు విడిచేది కాదు. ఆమె ఒళ్ళు అలిసినప్పుడు నేనే పిల్లాణ్ణి చొక్కాలోపల పెట్టుకుని, పైన స్వెట్టరు గుండీలు పెట్టి, గల్లాపెట్టె ముందు కూర్చునేవాణ్ణి. సంతకొచ్చిన ఆడవాళ్ళు నా పొట్ట చూసి నవ్వేవాళ్ళు. వాడి ఊపిరి నా రొమ్ము మీద వెచ్చగా తగిలేది. నా బతుకులో అంత సుఖంగా ఉన్న రోజులు అవే.

మొదటి రెండు వారాలు ఆశా కార్యకర్త వచ్చి తూచింది. ఆమె కొండవాలు ఊరి మనిషి. వాళ్ళమ్మ మా కొట్టుకే మిరియాలు తెచ్చేది. ఆశా సంచిలో చిన్న కాటా, ఆకుపచ్చ గుడ్డ జోలె ఉండేవి. మొదటి వారం కిలో ఏడు వందల ఇరవై, ఇల్లు చేరిన కొత్త కదా అని సరిపెట్టుకుంది. రెండో వారం కిలో ఎనిమిది వందలు. రెండోసారి ఆమె ముఖం అంత బాగా లేదు. వారానికి ఎనభై గ్రాములు చాలదంది. పాలు పట్టడం చూపించమంది. నా భార్య పాలు పడుతుంటే పిల్లాడి గడ్డం కింద గుడ్డ పెట్టి, సగం అందులోకే పోతున్నాయని చూపించింది. మెల్లగా పట్టాలమ్మా, నేను రెండు రోజులకోసారి వచ్చి చూస్తానంది.

నా భార్య తలాడించింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా పిల్లాడికి మాకు పాలు పట్టడం రాదని, మా కొట్టు గుమ్మంలో నిలబడి, మా నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డదాని కూతురు చెబుతుందా అనిపించింది. ఇది ఇంత చక్కగా అనిపించలేదు, అప్పుడు ఉత్త కోపమే. నోరు పారేసుకున్నాను. తూకాల్లో పుట్టి తూకాల్లో పెరిగినవాణ్ణి, నాకు తూకం నేర్పుతావా అన్నాను. నీది బొమ్మ కాటా అన్నాను. ఊరూరూ తిరిగి జలుబులూ దగ్గులూ మోసుకొస్తావు, ఇక రావద్దన్నాను. ఆమె జోలె మడిచి సంచిలో పెట్టుకుంది. వారం వారం తూకం ఫోన్లో చెప్పండి చాలు, కార్డులో రాసుకోవాలని అడిగింది. సరేనన్నాను.

మూడో వారం నేనే తూచాను. పాత చీర ముక్కతో ఉయ్యాల కట్టి, అలవాటు కొద్దీ ఎడమ కాటాకు తగిలించాను. కిలో ఏడు వందలు. వెనక్కి తగ్గాడా అనుకున్నాను. వెంటనే తట్టింది, అది కొనే కాటా, తక్కువే చూపిస్తుంది కదా అని. ఉయ్యాల తీసి కుడి కాటాకు తగిలించాను. కిలో తొమ్మిది వందల నలభై. హమ్మయ్య అనుకున్నాను. అది ఎక్కువ చూపిస్తుందని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణంలో అది నా కాటాలా కాక దేవుడి కాటాలా కనిపించింది. లోపలికెళ్ళి నా భార్యకు చెప్పాను. ఆశాకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె మంచిదే సావుకారూ అంది, ఇంకేం అడగలేదు. నీ ఎనభై గ్రాములు ఇప్పుడేమయ్యాయని నేను లోలోపల గర్వపడ్డాను కూడా.

ముల్లు రెండు గీతల మధ్య నిలబడితే కొనేటప్పుడు కింది గీత, అమ్మేటప్పుడు పై గీత చదవడం మా ఇంట్లో ఉగ్గుపాలతో వచ్చిన విద్య. నాలుగో వారం ముల్లు రెండు కిలోలకు కొంచెం ఇవతలే నిలబడింది. నేను పై గీత చదివాను. రెండు కిలోలు.

నా భార్య ఆ మాట విని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. తర్వాత తలంటుకుంది. పాయసం వండి చుట్టుపక్కల వాళ్ళకు పంచింది. ఉగ్గుగిన్నె కడిగి, బోర్లించి, అలమారులో పెట్టేసింది. ఇక రొమ్ముకే పట్టుకుంటాడు, ఆకలేస్తే వాడే లేస్తాడనుకున్నాం. రెండు గంటలకోసారి లేపడం మానేశాం. రెండు నెలల నుంచి కన్ను మూయని మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. పిల్లాడూ నిద్రపోయాడు. ఎంత బుద్ధిమంతుడో, గొంతెత్తి ఏడవడు అని వచ్చినవాళ్ళందరితో చెప్పుకున్నాం.

ఓ రోజు ఆమె వాణ్ణి ఎత్తుకుని, చేతికి బరువు తెలియడం లేదేమిటి అంది. నీ చెయ్యేమన్నా కాటానా అని కసిరాను. ఐదో వారం తూచినప్పుడు ముల్లు పైకి జరగలేదు. నిజానికి ఓ గీత వెనక్కే వచ్చింది. ఆ వారం నేను ఏ గీతా చదవలేదు. రెండు కిలోల నలభై అని ఇంట్లోనూ, ఫోన్లో ఆశాకూ నోటికొచ్చింది చెప్పాను. ఇప్పుడు బరువు పెరగకపోతే కాటా మీద అనుమానం వస్తుంది, కాటా మీద వస్తే నా మీద వస్తుంది. అదీ నా భయం. పిల్లాడి గురించి అంత భయపడలేదు. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆ తర్వాత నాలుగో రోజు, టీకాల సంగతి చెప్పడానికి ఆశా వచ్చింది. నేను రావద్దన్నా వచ్చింది. పిల్లాడు ఆ పొద్దుట్నుంచీ రొమ్ము పట్టలేదు. నోట్లో పాలు పిండితే చెంప మీదుగా కారిపోతున్నాయి. ఆమె వాడి అరికాలి మీద వేలితో మీటి చూసింది. కాలు వెనక్కి లాక్కోలేదు. సంచిలోంచి కాటా తీసింది. కిలో ఏడు వందల అరవై. జోలె సర్ది మళ్ళీ తూచింది. అంతే వచ్చింది.

"ఫోన్లో ఏ కాటా తూకం సెప్పినారు, సావుకారూ?" అంది.

కుడిదని చెప్పాను.

"నాను ఎడందనుకున్నాను. అది తక్కువ సూపిస్తాది గదా. మీరు రెండు కిలోలంటే గుంటడు రెండుంపావు ఉంటాడు, ఇంక బయం నేదనుకున్నాను. అందుకే రానేదు."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. తన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. వాళ్ళందరికీ తెలుసన్నమాట. కొండ మీదే వాళ్ళమ్మ మిరియాల సంచిలో ఇంకో రెండు గుప్పిళ్ళు వేసి కట్టేది, సావుకారు కాటాకు కిలో రావాలంటే అంత వెయ్యాలని. అది చూస్తూ పెరిగిన పిల్ల ఇది. మా మోసం మీద ఆమెకు అంత నమ్మకం. నేను చెప్పిన అంకెకు ఆ రెండు గుప్పిళ్ళూ కలుపుకుని, మా పిల్లాడు బాగున్నాడని సంతోషించి, పట్టించుకోవలసిన వేరే ఇళ్ళకు పోయింది. నా బిడ్డను కూడా అమ్మే కాటాతో తూస్తానని ఆమెకు తట్టలేదు.

నా భార్య గుమ్మంలో నిలబడి అంతా వింది. పిల్లాణ్ణి రవికె లోపల పెట్టుకుని అంబులెన్సు ఎక్కింది. ఘాటీలో మంచు వల్ల బండి నడకలా సాగింది. డుంబ్రిగుడ దాటాక కాబోలు, నా ముఖం చూడకుండా అంది.

"మనోడ్ని కూడా ఆళ్ళని తూసినట్టే తూసీసినారా?"

నేను కిటికీ అద్దానికి పట్టిన మంచు తుడుస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. డాక్టరు కార్డు చూశాడు. వారం వారం ఎక్కుతూ పోయిన చుక్కలు చూసి, నాలుగు రోజుల్లో ఇంత పడిపోయాడంటే లోపల పెద్ద జబ్బేదో వచ్చి ఉండాలన్నాడు. వెన్నులోంచి నీరు తీసి చూడాలన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పాలి, నోరు తెరవాలి. కార్డు వంకే చూస్తూ నిలబడ్డాను. నర్సు వాణ్ణి ఎత్తుకోబోతుంటే నా భార్య ముందుకొచ్చి, ఆ కార్డు తప్పండి, మూడు వారాల నుంచీ వీడికి సరిగ్గా తిండి లేదండి అంది. డాక్టరు ఆమెను కోప్పడ్డాడు. తల్లివై ఉండి చూసుకోవద్దా అని అందరి ముందూ తిట్టాడు. ఆమె తలవంచుకుని ఆ తిట్లు పడింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

పిల్లాడు బతికాడు. పంతొమ్మిది రోజుల తర్వాత నిజంగా రెండు కిలోలు దాటి ఇంటికొచ్చాడు. మెడ ఎనిమిదో నెలకు గానీ నిలబడలేదు. కూర్చోడానికి ఏడాది దాటింది. ఇప్పుడు రెండేళ్ళు నిండి ఐదు నెలలు. ఇంకా నడవడు. ఎడమచెయ్యి పిడికిలి బిగించే ఉంచుతాడు, మనం విప్పితే విప్పుతాడు. నెల తక్కువ పిల్లల్లో కొందరు ఇలా ఉంటారు, పుట్టుకతోనే రావచ్చు, తర్వాతైనా రావచ్చు, ఎందువల్లో ఇప్పుడు చెప్పలేమని డాక్టర్లంటారు. నీ వల్లేనని ఒక్కరైనా తేల్చి చెబితే బాగుండునని నాకుంటుంది. నీ వల్ల కాదని చెబితే నేను నమ్మను.

రెండు కాటాలూ తీసేసి, తూనికల శాఖ ముద్ర వేసిన కొత్తది ఒకటి పెట్టాను. మొదటి సంత రోజున ఓ ముసలామె కిలో మిరియాలని తెచ్చిన సంచి తగిలిస్తే ముల్లు కిలో దాటి చాలా దూరం పోయింది. ఆమె భయపడి, కాటా పాడైపోయిందని సంచి తీసుకుని పక్క కొట్టుకు వెళ్ళింది. ఇప్పటికీ చాలామంది అక్కడికే పోతున్నారు. తెలిసిన కాటా అయితే ఎంత వేసుకు రావాలో వాళ్ళకు తెలుసు.

ఇంట్లో నా భార్య మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, నాకు జ్వరమొస్తే కషాయం కాస్తుంది. కానీ ఆ రోజు తర్వాత కందిపప్పు కూడా నన్ను తూచి ఇమ్మనలేదు. చేత్తో కొలుచుకుని తీసుకుపోతుంది.

పోయిన నెల అంగన్‌వాడీలో పిల్లాణ్ణి తూచారు. ఆశా వాణ్ణి జోలెలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించింది. నేను గుమ్మం అవతలే నిలబడ్డాను, ఎప్పుడూ అక్కడే నిలబడతాను. ఈసారి ఆమె నన్ను పిలిచింది. "మీరే సదవండి సావుకారూ" అంది. ఎందుకు పిలిచిందో తెలియదు, జాలిపడి ఉంటుంది. దగ్గరికెళ్ళాను. ముల్లు రెండు గీతల మధ్య నిలబడి ఉంది. కింది గీత చదివాను.

ఆశా కలం తీసింది. నా భార్య పిల్లాణ్ణి జోలెలోంచి తీసుకుంది. రెండు చేతుల మీదా ఓ క్షణం అలాగే పట్టుకుని చూసింది.

"ఇంకా తక్కువే ఉంటాడమ్మా, రాసుకో" అంది ఆశాతో.