నరసమ్మ కుడికాలు, నేను కూర్చోబెట్టి తీసిన కొలత

2025 ఆగస్టు పదకొండు, సోమవారం, ఉదయం పదిన్నర. ప్రోతరాపూర్ బస్టాపు పక్కన నా చెప్పుల దుకాణంలో కూర్చుని పట్టీ కుడుతున్నాను. ఇంటింటికీ తిరిగి చేపలమ్మే నరసమ్మ కుంటుకుంటూ వచ్చింది. వెనకాలే ఆమె మొగుడు గురయ్య. చేపల తట్ట దింపి, కుడికాలి చెప్పు విప్పి నా ముందు పెట్టింది.

"సూడు బాబాయ్, మళ్లీ వచ్చీసింది."

వచ్చింది బునియన్. బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి, వేలు పక్కవేలి మీదికి ఒరిగిపోతుంది. డాక్టర్లు దాన్ని అలా అంటారు. ఏడాదిన్నర కిందట మా దీవి నుంచి ఓడెక్కి చెన్నై వెళితే, అక్కడ ఆపరేషన్ చేసి ఆ వేలిని తిన్నగా నిలబెట్టారు. అప్పుడు చాలా నెలలు ఆమె తట్ట ఎత్తలేదు. వాడుక ఇళ్లవాళ్లు ఇంకొకరి దగ్గర కొనడం మరిగారు. వాళ్లను తిరిగి తెచ్చుకోవడానికి నానా తిప్పలు పడింది. ఇప్పుడు ఇక్కడి డాక్టరు, తిరగబెట్టింది, నొప్పి ఆగకపోతే మళ్లీ కోయాల్సి రావచ్చు అన్నాడట.

"నిజం సెప్పు. ఇది నీ చెప్పు వల్లా, ఎముక వల్లా? చెప్పు వల్లయితే నాను మళ్లీ ఓడెక్కను."

"ఇంకా అడుగుతావేటే? ఈ ముసిలోడి చెప్పులే కొంప ముంచీసినాయి" అన్నాడు గురయ్య.

నాకు ఒళ్లు మండింది. ఆపరేషన్ తర్వాత చెప్పులు కుట్టింది నేనే. ముందుభాగం వెడల్పుగా ఉండాలని డాక్టరు చెప్పాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పాదం కింద అట్ట పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ పైన కాస్త జాగా వదిలాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ని, అట్ట మీద పేరూ తేదీ రాయడం మానను. ఆ అట్ట వెతికి తీసి, కూర్చున్న ఆమె పాదం కింద పెట్టాను. ఎముక గీతను కొంచెం దాటింది గానీ, నేను వదిలిన జాగా లోపలే ఉంది.

"చూశారా? నా కొలతలో తప్పు లేదు. కోసినవాణ్ని వెళ్లి అడగండి."

నరసమ్మ లేచి నిలబడింది. పక్క టీకొట్టు సలీమా వచ్చి, "అరే దీదీ, రుకో, ఆగు, నేను ఎత్తుతా" అంటూ తట్ట నరసమ్మ తలకెత్తింది. నరసమ్మ కాలు ఇంకా అట్ట మీదే ఉంది. నా కళ్లముందే పాదం పరుచుకుంది. బొటనవేలు పక్కకు జరిగింది, ఎముక ఇంకా బయటికి వచ్చింది.

"కదలకు!" అని అరిచాను.

"బరువు బాబాయ్!"

"ఆ బరువుతోనే ఉండు."

వంగి మళ్లీ గీశాను. కొత్త గీత, నేను వదిలిన జాగా కూడా దాటిపోయింది. నలభై ఏళ్లుగా అందరినీ కూర్చోబెట్టే కొలిచాను. ఈమె నా చెప్పులేసుకుని కూర్చోదు, తట్ట మోస్తూ తిరుగుతుంది. ఆ సంగతి నాకెప్పుడూ తోచలేదు.

"నా చెప్పు ఇరుకే" అన్నాను.

"సూసినావా!" అన్నాడు గురయ్య.

"అయితే ఎముక దానివల్లే వచ్చిందా?" అంది నరసమ్మ.

"అది చెప్పలేను. చెప్పు ఇరుకై వేలు వంగిందో, వేలు వంగాక చెప్పు ఇరుకైందో నాకు తెలీదు."

"డాకటరూ తెలీదన్నాడు. నువ్వూ తెలీదంతన్నావు. ఈ కాలు నాదేనా, అదైనా తెలుసా?"

సలీమా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిలబెట్టి తీసిన కొలతతో కొత్త జత కుట్టిచ్చాను. పాత చెప్పు ఒరుసుకుని ఎముక మీద పడ్డ పుండు మానింది. లోపలి నొప్పి ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. డాక్టరుకి మళ్లీ చూపించుకోమన్నాను. ఆమె ఇంకా ఓడ టిక్కెట్టు తీసుకోలేదు, వెళ్లననీ అనలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా, రోజూ మోసే బరువుతో నిలబెట్టి కొలుస్తాను. నా పని చూసుకోకముందే ఇంకొకడి పనికి వంక పెట్టను. నేర్చుకున్నది ఇంతే, మిగిలినది అయోమయం.

ఆ రోజు అక్కడున్నది నలుగురం. తప్పు చెప్పుదేనన్న గురయ్య, తట్ట ఎత్తిన సలీమా, అట్ట పట్టుకుని బిక్కమొహం వేసిన నేను, ఎవరి మాట నమ్మాలో తెలియక చేపలమ్ముకోడానికి వెళ్లిపోయిన నరసమ్మ.