బావ రాసిన గంట

మా అక్క దర్జీ. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. మోటారు మిషను మొదలైందంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు, ఇక ఫోను కిచకిచ ఎంత? బావ సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్. ఓడ తీరానికి దగ్గరైనప్పుడే ఆయన ఫోనుకు సిగ్నలు అందేది. సరిగ్గా అప్పుడే అక్క మిషను మీద ఉండేది. చూసుకుని బదులిచ్చేలోపు ఓడ మళ్లీ నడిసముద్రంలోకి వెళ్లిపోయేది. అలా జరిగిన రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

అందుకే కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు బావ ఒక ప్రోగ్రాం రాసిపెట్టాడు. ఆయనకు అదో సరదా. కొలతలు దాచుకునే పాత కంప్యూటరుకు పెద్ద స్పీకరు తగిలించి, తన కబురు రాగానే ఖంగుమని గంట మోగేలా చేసి ఓడెక్కాడు. కంప్యూటరును ఎప్పుడూ ఆపరు. పొద్దున కొట్టు తీయగానే అక్క కబుర్ల విండో తెరుస్తుంది. సాయంత్రం ఇరుగుపొరుగుకు గోల లేకుండా దాన్ని మూసేస్తుంది. మిషను ఆగాక ఫోను ఎలాగూ వినిపిస్తుంది.

నేను వేరే ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. నాలుగు రోజులుందామని అక్క దగ్గరికి వెళ్లిన మర్నాడే ఆ గంట విన్నాను. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. కోటుకు కొలతలిస్తున్న పెద్దావిడ చెవులు మూసుకుంది. అక్క మెడలో టేపుతోనే పరుగెత్తింది. తీరా చూస్తే వచ్చింది ఒక్కటే: "బాగున్నాను. ఎండ మండిపోతోంది. తిన్నావా?"

"ఒక్క కబురుకి ఇన్ని గంటలేంటక్కా?"

"మొదటి రోజు ఒక్కటే మోగిందే. మర్నాటికి రెండయ్యాయి. రెండో కబురు దారిలో ఎక్కడో పడిపోయిందేమోనని ఆయన్ని అడిగాను కూడా. ఒకటే రాశానన్నాడు."

"నమ్మావా?"

"నమ్మాలి కదా." మెడలో టేపు సర్దుకుంటూ అంది: "ఇప్పుడు విండో మూసినా మోగుతోంది. కరెంటు పోయొచ్చిన రోజు మాత్రం ఒక్కసారే. ఆ రోజు ఎందుకో ఆయన ముక్తసరిగా రాసినట్టే ఉంటుంది."

నవ్వు రాబోయి ఆగిపోయింది. కరెంటు మాట వినగానే తెగులెక్కడుందో కొంత అర్థమైంది. పెద్దావిడ వెళ్లాక ప్రోగ్రాం తెరిచి చూశాను. విండో తెరిచినప్పుడు 'కబురొస్తే గంట కొట్టు' అనే పనిని చేర్చాడు బావ. మూసేటప్పుడు దాన్ని తీసెయ్యమనీ రాశాడు. కాకపోతే రెండు చోట్లా పనికి పేరు పెట్టకుండా, లాంబ్డాగా అక్కడికక్కడే రాసేశాడు. అక్షరం పొల్లుపోలేదు, రెండూ అచ్చం ఒకటే.

"తీసెయ్యమన్నాడుగా, మరి పోలేదేం?" అక్క నా భుజం మీదుగా వంగి అడిగింది.

"మన కళ్లకే అవి ఒకటి. లాంబ్డా, అంటే పేరు లేని పని, రాసిన ప్రతిచోటా వేరే డెలిగేట్ తయారవుతుంది. డెలిగేట్ అంటే, ఫలానా పనిని పిలవమని చెప్పే చీటీ అనుకో. బావ చేర్చిన చీటీ ఒకటి, తీసెయ్యమని చూపించిన చీటీ ఇంకొకటి. ఇలాంటిది నా దగ్గర లేదే అని కంప్యూటరు నోరు మూసుకుని ఊరుకుంది. నువ్వు మూసేసిన విండోలన్నీ లోపల ఇంకా చెవులు రిక్కించుకునే ఉన్నాయి. కరెంటు పోతే తప్ప వాటికి విడుదల లేదు."

"పాపం," అంది అక్క.

"ఆ పనికి పేరు పెట్టి ఫంక్షన్‌గా రాస్తే సరిపోతుంది. ఆ పేరుతోనే చేర్చి, ఆ పేరుతోనే తీసెయ్యమంటే, చీటీ కొత్తదైనా అదే విండోలోని అదే ఫంక్షన్ అని పోల్చుకుంటుంది."

అక్క కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దులేవే. అలా మోగుతున్నంతసేపూ ఆయన గుమ్మంలోనే ఉన్నట్టుంటుంది. ఒక్కసారే మోగితే అయిపోతుందిగా."

నేను కుర్చీ ఆమె వైపు తిప్పాను. అడిగాను: "మరి ఆయన నిజంగా రెండు పంపిన రోజున నీకెలా తెలుస్తుంది?"

ఆమె స్పీకరు వంక చూసి, చెయ్యి తీసేసింది. "బావ రాసిన మాటలు మాత్రం పారెయ్యకు."

"ఒక్కటీ పారెయ్యను. అవే ఫంక్షన్‌లోకి వెళ్తాయి. దానికి పేరేం పెట్టమంటావ్?"

"'వచ్చాడు' అని పెట్టు," అంది మొహం అటు తిప్పుకుని. "గంట వినగానే నేననుకునేది అదే."

అదే పెట్టాను. విండో తెరిచి మూసి, మళ్లీ తెరిచి, ఉత్తుత్తి కబురొకటి పంపి చూశాను. గంట ఒక్కసారే కొట్టి ఊరుకుంది. గది ఒక్కసారిగా వెలితిగా అనిపించింది, నాక్కూడా.

నేను బయల్దేరే రోజు మధ్యాహ్నం బావ రాశాడు: "నా బదులు ఓడెక్కాల్సినవాడు రాలేదు. ఇంకో చుట్టు తిరిగి రావాలి." అక్క నిలబడే చదివింది. ఏదో కొట్టి చెరిపేసింది, మళ్లీ కొట్టి పంపింది. అది చేరినట్టు తెర మీద టిక్కు కనిపించలేదు.

"చుట్టంటే ఎన్నాళ్లట?" అన్నాను.

"అడిగానే. అప్పటికే వెళ్లిపోయినట్టున్నాడు."

బల్ల మీద స్కూలు యూనిఫాంలు గుట్టగా పడున్నాయి. అక్క పైనున్న చొక్కా తీసుకుని కాలరు సరిచూసుకుంది. నా సంచీలో పళ్లు పెట్టానని, దారిలో తినమని చెప్పి మిషను తొక్కింది.