అతియా పంపిన సగం గుండు ఫొటో

చొప్పదండిలో సైకిళ్లు బాగుచేసే అజీముద్దీన్ బిడ్డ అతియా. వాళ్ల గల్లీలో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల. కరీంనగర్‌లోని ఒక పిల్లల దవాఖానలో ఆరోగ్యమిత్రగా కూర్చోబట్టి పదకొండేళ్లు దాటింది. సర్కారు ఖర్చుతో పిల్లలకు ఆపరేషన్ జరగాలంటే ముందుగా హైదరాబాదు నుంచి అనుమతి రావాలి. ఫొటోలు, కాగితాలు, స్కానింగులు కంప్యూటర్లో ఎక్కించి ఆ అనుమతి తెప్పించడం అతియా పని. కాగితం తక్కువైందని ఆమె పంపిన దరఖాస్తు ఒక్కటీ తిరిగి రాలేదు. రెండుసార్లు ప్రశంసాపత్రం అందుకుంది. వానలకు దవాఖానలో కరెంటు పోయిన రోజున ఫైళ్లు చున్నీలో చుట్టుకొని, మోకాళ్లలోతు నీళ్లలో నడిచి, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ నుంచి పంపిన మనిషి. ఇవన్నీ ఒక ఎత్తు, మోక్షిత సంగతి ఒక ఎత్తు.

మోక్షితకు నాలుగేళ్లు. ఎడమ కిడ్నీ దగ్గర నాళం మూసుకుపోయి చీము పట్టింది. తండ్రి రాకేశ్, నాయనమ్మ యాదవ్వ లక్షెట్టిపేట దిక్కు నుంచి సోమవారం తీసుకొచ్చారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు హైదరాబాదు నుంచి గురువారం మాత్రమే వస్తాడు, సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోతాడు. ఆ పై వారం రాడు. అన్నాళ్లు ఆగితే కిడ్నీ దక్కదని ముందే చెప్పారు.

అతియా ఆ రోజే పాప ఫొటో తీసి దరఖాస్తు పంపింది. నడుము దాకా రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. బుధవారం వచ్చి చేరమని చెప్పింది. వాళ్లు చేరారు. మంచం మీద పడుకున్న పాపను వార్డులో నర్సు రివాజు ప్రకారం ఫొటో తీసి పంపింది.

గురువారం పొద్దున హైదరాబాదు నుంచి కొర్రీ పడింది. "మొదటి ఫొటోలోని పాప, మంచం మీది పాప ఒక్కరేనా? రుజువు పంపండి."

అతియా వార్డుకు పరుగెత్తింది. మంచం మీద నున్నటి గుండుతో మోక్షిత బిస్కెట్ కావాలని ఏడుస్తోంది.

"అవ్వా, పిల్లకు గుండు ఎప్పుడు చేయించిన్రు?"

"మొన్న మంగళారం బిడ్డా. పుట్టెంటికలు ఏములాడ రాజన్నకు ఇస్తమని మొక్కినం. నాలుగేండ్లాయె, ఇయ్యనే లేదు. గా మొక్కు అట్లనే పెట్టుకొని పిల్లను కత్తి కిందికి ఎట్ల తోలుదు?" అంది యాదవ్వ.

"నేను వద్దంటే ఇన్నదా మా అవ్వ? ఆపరేషనైనంక పోదమన్న," అన్నాడు రాకేశ్.

"నువ్వు వద్దన్నవా? బస్సుల తువ్వాలేసి సీటు పట్టింది ఎవడురా?"

అతియాకు నవ్వొచ్చినా ఆపుకుంది. పిల్లల డాక్టరుతో ఉత్తరం రాయించి పంపింది. చాలదన్నారు. ఆధార్‌లో చూస్తే ఆరు నెలల పసిగుడ్డు ముఖం. గడియారం పన్నెండు దాటింది. ఆపరేషన్ గదిలో ఇంకో పిల్లవాడి పని నడుస్తోంది. తరువాతి వంతు మోక్షితదే. అనుమతి లేకుండా లోపలికి తీసుకోరు.

యాదవ్వ ముఖం నల్లబడింది. "నా చేతులారా చేసుకున్ననా బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు అవ్వా. జర ఆగు."

అతియా కళ్లు మూసుకొని ఆలోచించింది. తమ ఇంట్లో అన్న కొడుక్కు పుట్టువెంట్రుకలు తీసే అకీఖా నాడు గుండు గీస్తుంటే, ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకొని నిలబడ్డారు. మంగలికి కత్తి ఆడించే జాగా కూడా ఇవ్వలేదు. గభాలున రాకేశ్ వైపు తిరిగింది.

"తమ్మీ, గుండు కొట్టేటప్పుడు ఫొటో తీసినవా?"

"తియ్యకుంట ఉంటమా అక్కా? స్టేటస్ గూడ పెట్టిన."

ఫోన్లో పదిహేడు ఫొటోలున్నాయి. పదకొండోది చూసి అతియా బల్ల మీద చరిచింది. యాదవ్వ ఒళ్లో మోక్షిత. కుడివైపు ఎర్ర రిబ్బన్ జడ అట్లాగే వేలాడుతోంది, ఎడమవైపు నున్నగా ఉంది. నోరు తెరిచి ఏడుస్తున్న ముఖం కెమెరాకు ఎదురుగా, స్పష్టంగా పడింది. దాన్ని మిగతా రెండు ఫొటోల నడుమ పెట్టి పంపి, అనుమతులు చూసే డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఏందమ్మా, సగం గుండు పంపినవ్?" అన్నాడాయన.

"సగమే కావాలె సార్. కుడిదిక్కు మీ మొదటి ఫొటో, ఎడమదిక్కు రెండో ఫొటో. నడుమల పిల్ల ఒక్కతే."

అవతల నుంచి పెద్ద నవ్వు వినపడింది. ఒంటిగంటన్నరకు అనుమతి వచ్చింది.

మూడున్నరకు డాక్టరు బయటికొచ్చి కిడ్నీ దక్కిందని, మూత్రం సాఫీగా దిగుతోందని చెప్పాడు. యాదవ్వ అతియా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పేరు మీద రాజన్నకు కోడెను కట్టిస్త బిడ్డా."

"కట్టించు అవ్వా. గని ఇంకేమన్న మొక్కులుంటే గిప్పుడే చెప్పు."

"ఒక్కటే ఉన్నది. బాసరకు తోల్కపోయి పిల్లతోని అక్షరాలు దిద్దియ్యాలె."

"గదైతే పలక నేనే కొనిస్త," అంది అతియా.