ఊడ్చిన వాకిళ్ల ఊరు

వాకిలి ఊడ్చి ఉంది. నాకు మొదట భయం వేసింది అప్పుడే. డిసెంబరు ఆఖరి వారం, సాయంత్రం నాలుగూ పది. ఎర్రమట్టి మీద చీపురు గీతలు తాజాగా ఉన్నాయి. వాటి మీద ఒక్క అడుగు లేదు. కోడి అడుగు కూడా.

ఆ దేశం పేరు రాయను. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో మన బెటాలియన్‌తో వెళ్లి అప్పటికి ఏడు వారాలు. నా పెళ్లికి ముందు మాట. నేను కెప్టెన్‌ని. గస్తీ వెళ్లిన ఊళ్లో ఆడవాళ్లతో మాట్లాడి, ఎవరున్నారో, ఏం కావాలో రాసుకురావడం నా డ్యూటీ. నీలం హెల్మెట్, పదకొండు కిలోల జాకెట్, రెండు సీసాల నీళ్లు. ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు.

ఆ ఊరు ఖాళీ అయిందని కబురు వచ్చింది. నిజమో కాదో చూసి ఐదింటికల్లా రేడియోలో చెప్పాలి. ఖాళీ అంటే మర్నాటి నుంచి గస్తీ ఆ దారిన రాదు. గస్తీ రాని ఊళ్లు వారం తిరక్కుండా తగలబడేవి. అలాంటివి రెండు అప్పటికే చూశాను.

ఇరవై మూడు ఇళ్లు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. మా దుబాసీ ఆ దేశపు పంతులమ్మ. మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. కుక్క కూడా అరవలేదు. గస్తీ నడిపిస్తున్న మేజర్ గారు నేల చూసి ఎవరినీ కదలొద్దన్నారు. మందుపాతర పెట్టినవాళ్లూ అలాగే ఊడ్చిపోతారు.

అప్పుడు గాలి తిరిగింది. పొగ కనబడలేదు, ఘాటు మాత్రం వచ్చింది. కళ్లు మండాయి. వెనక జవాన్లు దగ్గారు. ఏ రసాయనమో, మాస్కులు పెట్టుకోమన్నారు మేజర్ గారు. మా బండి నడిపే హవల్దార్‌ది నందిగాం. మాస్కు చేత్తో పట్టుకునే నా పక్కకి వచ్చాడు.

"మేడమ్, ఇది జీడిపిక్కలు కాల్సిన పొగ కాదేటి?"

నాకూ అదే అనిపించింది. మా జీడితోటల ఉద్దానంలో పుట్టి ఆ ఘాటు తెలియనివాళ్లు ఉండరు. మేజర్ గారితో చెప్పాను. ఆయన నమ్మలేదు. మనుషుల్ని చూపించమన్నారు. పది నిమిషాలు టైమిచ్చారు.

మా ఊళ్లో పిక్కలు కాల్చిన ఇంటికి ఆడవాళ్లు పిలవకుండానే వెళ్తారు. జీడి రసం అంటి వేళ్లు పొక్కకుండా ముందే బూడిద రాసుకుంటారు. బూడిద చేతులతో గుమ్మంలో నిలబడితే, పిక్కలు కొట్టడానికి వచ్చామని అర్థం. నోటితో చెప్పక్కర్లేదు. దారి పక్కన బూడిద కుప్ప ఉంది. గ్లవ్స్ తీసి, మణికట్ల దాకా రాసుకున్నాను.

"ఇది మన ఊరేటి మేడమ్? ఈలకి అర్దమవుతాదా?" అన్నాడు డ్రైవరు.

"జీడి అంటితే ఈల సేతి ఏళ్లు మాత్రం పొక్కవేటి?" అన్నాను.

రెండు చేతులూ ఎత్తి, చీపురు గీతల అంచున నిలబడ్డాను. నాలుగు నిమిషాలు.

ఎదురింటి తలుపు జానెడు తెరుచుకుంది. లోపల చీకటి. ముఖం లేదు. ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చింది. దానికీ బూడిదే. ఆ చెయ్యి గోడ వార చూపించింది. అక్కడ రాళ్లు పరిచి ఉన్నాయి, అడుగు జాడ పడదు. తర్వాత పక్క తలుపు. ఇంకో చెయ్యి. ఆ తర్వాత వరసగా అన్ని గుమ్మాల్లోనూ. మనుషులు లేకుండా చేతులే బతికి ఉన్నట్టు, చప్పుడు లేకుండా నన్ను రమ్మంటున్నాయి.

"ఏటి మేడమ్, ఇంతమందా..." అన్నాడు డ్రైవరు.

రాళ్ల మీద నడిచి దుబాసీతో లోపలికి వెళ్లాను. ఆ ఒక్క ఇంట్లోనే పదకొండు మంది ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. చప్పుడు రాకుండా గుడ్డలో చుట్టి పిక్కలు కొడుతున్నారు. తిండి నిండుకుంది. ఆకలికి పిల్లలు ఏడిస్తే బయటికి వినబడుతుందని, పొగ కనబడకుండా పెరట్లో గొయ్యి తీసి పిక్కలు కాల్చారు. అడుగులు కనబడకుండా రోజూ వెనక్కి నడుస్తూ వాకిలి ఊడ్చుకుని తలుపేసుకుంటారట. ఒకామె నా నోట్లో వేడి పప్పు పెట్టింది.

నాలుగూ యాభై రెండుకి మేజర్ గారే రేడియోలో చెప్పారు, ఊళ్లో జనం ఉన్నారని. మేమున్న మిగతా పదహారు వారాలూ గస్తీ ఆ దారినే వెళ్లింది. మే నెలలో నేను పలాసలో రైలు దిగాను. ఆ ఊరు ఇప్పటికీ ఉందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మేం టెక్కలిలో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు. మూసిన తలుపు చూస్తే చాలు, నాకు ఆ చేతులే కనబడతాయి. నిన్న రాత్రి టీవీలో ఏడాది వార్తలన్నీ కలిపి చూపించారు. ఒక దేశం తర్వాత ఇంకో దేశం, కూలిన వీధులు. మా ఆరేళ్ల పెద్దది ఆ ఇళ్లల్లో ఎవరూ లేరా అని అడిగింది. టీవీ కట్టేశాను. వాళ్లు పడుకున్నాక కూర్చుని ఇదంతా రాశాను. వచ్చే ఏడాది గురించి ధైర్యం చెప్పే వార్త ఒక్కటీ దొరకలేదు. నా దగ్గరున్నది ఈ ఊరొక్కటే.

పొద్దున పళ్లు తోముకుంటూ పెద్దది మళ్లీ అడిగింది. లోపల ఉన్నారనీ, తలుపు తియ్యడానికి భయపడుతున్నారనీ ఇద్దరికీ చెప్పాను.

"మరి ఆల కాడికి ఎవులు ఎళ్తారు?" అంది.

ఎవరో ఈపాటికి బయల్దేరే ఉంటారని చెప్పాను.