ఇద్దరు సెట్టర్లు, ఒకే చోటు

2023. వానలు వెనకబట్టి, భిలాయిలోని రుఆబాంధా మైదానంలో మట్టి మళ్ళీ గట్టిపడుతున్న రోజులు. అప్పటికి నేను ఈ ఊళ్ళో ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే ఆడి, మోకాలు పాడయ్యాక ఇక్కడే కోచ్‌నయ్యాను. చెప్పుకోదగ్గ గెలుపులు నాకూ కొన్ని ఉన్నాయి. కానీ ఈ వృత్తిలో మరచిపోలేని సంగతి చెప్పమంటే నాకు గుర్తొచ్చేది మేం ఓడిపోయిన ఒక టోర్నమెంటే.

ఆ ఏడు రాష్ట్ర టోర్నమెంటుకు వెళ్ళే మా ప్రాంతపు జట్టుకు మొదటి సెట్టర్‌ని ఎంచుకునే పని నా మీద పడింది. సెట్టర్ అంటే ఎవరో ముందు చెప్పాలి. వాలీబాల్‌లో ఒక జట్టు బంతిని మూడుసార్లే ముట్టుకోవాలి. మొదటిది పాస్: అవతలివాళ్ళ సర్వ్‌ను చేతుల మీద తీసుకుని నెట్ దగ్గరికి పంపడం. చివరిది స్పైక్: ఎగిరి బలంగా కొట్టడం. చప్పట్లన్నీ దానికే. ఈ రెంటికీ మధ్య నిలబడేది సెట్టర్. వచ్చిన బంతిని వేళ్ళతో పైకి లేపి, ఎవరు కొట్టాలో, ఎంత ఎత్తున కొట్టాలో రెప్పపాటులో తేల్చేది ఆమె. పాత ఆటగాళ్ళు లిఫ్టర్ అంటారు. పాయింట్లు ఆమె పేరున పెద్దగా పడవు. జట్టు గెలిస్తే మాత్రం గొప్ప సెట్టర్, ఓడితే పనికిరాని సెట్టర్.

ఆ చోటుకు ఇద్దరు పోటీ పడ్డారు. నీలిమది రుఆబాంధా. చిన్నప్పటి నుంచి నా దగ్గరే ఆడింది. బంతి కింద వేళ్ళు ఎలా విప్పాలో నేర్పింది నేనే. ఆమె జట్టులో ఇద్దరు పొడుగు స్పైకర్లు ఉండేవారు. ఏడాది వెంట ఏడాది స్థానిక కప్పు వాళ్ళదే. రెండో పిల్ల జ్యోతి, క్యాంప్ 2 అనే బస్తీ నుంచి. వాళ్ళ నాన్న కాంట్రాక్టు కూలీ. ఆమె జట్టులో అందరూ పొట్టివాళ్ళే, సగంమంది ప్రాక్టీసుకు కుదిరినప్పుడే వచ్చేవారు. ఆ జట్టు ఒకటి రెండు రౌండ్లకు మించి నిలవలేదు.

మైదానం పక్క సిమెంటు మెట్ల మీద సాయంత్రం పూట చేరే అభిమానులకు ఆ నెలంతా ఇదే వాదన. అందరికన్నా గట్టిగా వినిపించే గొంతులు రెండు. రోలింగ్ మిల్లులో రిటైరైన అప్పన్న మావయ్య నీలిమ వైపు. రైల్వేలో గార్డుగా చేసి భిలాయి-3లో స్థిరపడిన జోసెఫ్ అంకుల్ జ్యోతి వైపు.

"కప్పులు సూడవయ్యా! నీలిమ ఆడిన జట్టు ఎన్ని తెచ్చింది? ఆ జ్యోతి జట్టు ఎన్ని తెచ్చింది? ఇంకేటి మాటాడాలి?" అనేవాడు అప్పన్న మావయ్య.

"కప్పులు నీలిమ తెచ్చిందేటి? ఆ పొడుగు పిల్లలు తెచ్చారు. వాళ్ళకి నువ్వు బంతి ఎగరేసినా కొట్టేస్తారు," అనేవాడు జోసెఫ్ అంకుల్.

"నానెగరేత్తానా? ముందు నా బుజం లేవనీ!"

"జ్యోతికి ఆ పిల్లల్ని ఇచ్చి సూడు. అప్పుడు తెలుస్తాది."

"ఇచ్చి సూడు, ఇచ్చి సూడు! ఆడని ఆటలో గెలిపించేత్తున్నావు నువ్వు."

కుర్రాళ్ళు ఫోన్లలో క్లిప్పులు చూపించి, ఈ సెట్ చూడు భయ్యా, ఆ సెట్ చూడు భయ్యా అని కొట్టుకునేవారు. ఎవరి క్లిప్పుల్లో వాళ్ళ పిల్ల బాగా ఆడిన బంతులే ఉండేవి. అప్పన్న మావయ్య ఒకోసారి తన వయసులో ఆడిన లిఫ్టర్లను కూడా లాక్కొచ్చి, వాళ్ళ ముందు ఈ ఇద్దరూ చాలరనేవాడు. అప్పటి నియమాలు వేరు, బంతి వేరు. అయినా ఆయన దగ్గర తీర్పు సిద్ధంగా ఉండేది.

మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆ మాటలు పిల్లల చెవిన పడుతున్నాయని తెలిశాక నవ్వు పోయింది. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నీలిమ నా దగ్గరికి వచ్చింది.

"దీదీ, మేం గెలిస్తే పొడుగు పిల్లలు గెలిచారంటారు. ఓడితే నేను ఓడించానంటారు. మరి నేనేం చేస్తే నేను చేసినట్టు?"



జ్యోతి మాట ఇంకోలా ఉండేది. ఆమెకు హిందీ ఎంత వాటమో తెలుగు అంత కాదు. రెండూ కలిపేసేది. "దీదీ, అందరూ బేచారీ, బేచారీ అంటారు. నాకు ఆ జాలి వద్దు. మంచి టీముతో ఒక్కసారి ఆడనివ్వండి. బాగోకపోతే సీదా నా మొహం మీద చెప్పేయండి."

ఇద్దరినీ ఒకే జట్టుతో ఆడించి ట్రయల్ పెడతానన్నాను. సెలక్షన్ కమిటీ సెక్రటరీకి ఇదంతా టైం వేస్టుగా కనిపించింది. "రికార్డు ఉంది కదా మేడమ్. జీతీ హుయీ లడ్కీ కో లో, బాత్ ఖతమ్," అన్నారు. గెలిచిన పిల్లనే తీసుకోండి, మాట అయిపోతుంది అని.

"ఇద్దరూ ఒకే జట్టుతో ఆడిన రికార్డు ఉంటే చూపించండి సార్, చూస్తాను. మీ దగ్గరున్నది జట్ల రికార్డు. సెట్టర్లది కాదు," అన్నాను.

"నీలిమ మీ దగ్గర నేర్చుకున్న పిల్ల. మీరే ఆపుతారా?"

"నా దగ్గర నేర్చుకుందనే ఆపుతున్నాను. రేపు ఆ చోటు ఆమెకొస్తే, దీదీ ఇచ్చిందని ఎవరూ అనకూడదు."

ఆయన ఒప్పుకోలేదు. ట్రయల్ పెట్టకపోతే సెలక్షన్ కాగితం మీద సంతకం చేయనని నేనూ చెప్పేశాను. టోర్నమెంటు దగ్గరపడుతోంది కాబట్టి చివరికి విసుగ్గా తలూపారు.

ట్రయల్ ఎలా పెట్టాలో చాలా ఆలోచించాను. పాస్ చేసేవాళ్ళూ, స్పైకర్లూ ఇద్దరికీ వాళ్ళే. కాసేపు నీలిమ, కాసేపు జ్యోతి. మొదటి భాగంలో బంతిని నేనే చేత్తో నెట్ దగ్గరికి, సెట్టర్ అడుగు కదపనక్కర్లేనంత చక్కగా అందించాను. రెండో భాగంలో గట్టిగా సర్వ్ చేసే సీనియర్లను అవతల నిలబెట్టాను. పాస్‌లు చెదిరిపోవాలని. పాయింట్లు లెక్కలోకి తీసుకోనని ముందే చెప్పాను. ఎందుకంటే పాయింటు స్పైకర్ చేతిలో ఉంది. నేను చూసినవి రెండే. మంచి పాస్ వచ్చినప్పుడు అవతలి బ్లాకర్లను, అంటే నెట్ మీద చేతులు అడ్డంపెట్టేవాళ్ళను, సెట్టర్ ఎంతవరకు ఏమార్చగలుగుతోంది? చెడ్డ పాస్ వచ్చినప్పుడు దాన్ని కొట్టదగిన బంతిగా మార్చగలుగుతోందా?

మెట్ల మీద అభిమానులందరూ హాజరు. వాళ్ళకొక మాట చెప్పాను. "ఇవాళ బంతిని చూడకండి. సెట్టర్ కాళ్ళనీ చేతుల్నీ మాత్రమే చూడండి."

"బంతిని సూడకుండా ఆటేటి సూత్తామమ్మా?" అన్నాడు అప్పన్న మావయ్య.

"ఒక్కరోజు చూడండి మావయ్యా. తర్వాత మీ ఇష్టం."

మొదటి భాగంలో నీలిమ ఆడిన ఆట నేను నేర్పినదానికన్నా పైన ఉంది. భుజాలు ఒకవైపు తిప్పి బంతిని వెనక్కి పంపేది. బ్లాకర్లు అటు ఎగిరితే బంతి ఇటు. మా పొట్టి స్పైకర్ కూడా ఎదురుగా చేతులే లేకుండా కొట్టింది. పొడుగు పిల్లల వల్లే గెలిచిందన్న మాట అక్కడితో చచ్చింది. జోసెఫ్ అంకుల్ కూడా కాదనలేదు. అదే చోట జ్యోతి తడబడింది. పొట్టివాళ్ళకు లేపడం అలవాటైన చేతులు, పొడుగు స్పైకర్లకు బంతి తక్కువ ఎత్తులో పెట్టాయి. కాసేపటికి సర్దుకుంది గానీ నీలిమ అంత కాలేదు.

రెండో భాగంలో లెక్క తిరగబడింది. పాస్‌లు ఇష్టం వచ్చినట్టు చెదిరిపోతుంటే నీలిమ వాటి దగ్గరికి చేరేసరికి ఆలస్యమయ్యేది. జ్యోతి మాత్రం పాస్ చేసేవాళ్ళ మోచేతులు చూసి బంతి ఎటు పోతుందో పసిగట్టి, ముందే అటు పరుగెత్తేది. గీత అవతలికి పోతున్న బంతి కిందకి దూరి, మోకాలి మీద కూర్చుని, స్పైకర్ నెత్తి మీద చక్కగా నిలబెట్టింది. అలా ఒకసారి కాదు. ఏళ్ళ తరబడి చెడ్డ పాస్‌లతో బతికిన పిల్ల ఆమె. ఆ ఓడిపోయిన ఆటలన్నీ ఆమెకు ఆ విద్య నేర్పాయి.

మెట్ల మీద వాదన తీరిందా అంటే, లేదు. రెండు పక్షాలూ మేమే నెగ్గామని లేచి అరిచాయి. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ పనికి ఎవరు అని అడిగితే జవాబు ఉంది. రాష్ట్ర టోర్నమెంటులో మాకు ఎదురయ్యేవన్నీ గట్టి సర్వ్ జట్లు. మా పాసింగ్ బలహీనం. అందుకని జ్యోతిని మొదటి సెట్టర్‌గా, నీలిమను రెండో సెట్టర్‌గా రాశాను.

ఆ మాట నీలిమకు నేనే వెళ్ళి చెప్పాను. మొహం ఎర్రబడింది. "సరే దీదీ," అని మోకాలి ప్యాడ్లు ఊడదీసి, వెనక్కి చూడకుండా సైకిలెక్కింది. ఆ వారమంతా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ప్రాక్టీసు మాత్రం ఒక్కరోజూ మానలేదు.

రాయపూర్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళాం. మేం అంత దూరం వెళ్తామని బయలుదేరేటప్పుడు ఎవరూ అనుకోలేదు. సెమీస్‌లో మొదటి సెట్ నుంచీ అవతలి సర్వ్‌లు మా పాస్‌లను చిందరవందర చేశాయి. జ్యోతి కోర్టంతా తానే అయి తిరిగింది. మధ్యలో ఒక సెట్‌లో వాళ్ళ సర్వ్ మెత్తబడింది, మా పాస్‌లు కుదిరాయి. అప్పుడు నీలిమను దింపాను. ఆ సెట్ హాయిగా గెలిచాం. చివరి సెట్‌కి వాళ్ళ గట్టి సర్వర్లు తిరిగి రాగానే మళ్ళీ జ్యోతిని పంపాను.

బెంచీ వెనక నుంచి సెక్రటరీ కేక వేశారు. "నీలిమా కో భేజో! గెలిపించిన పిల్లను కూర్చోబెడతారా?"

నేను వెనక్కి తిరగలేదు.

ఆఖరి పాయింటు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పాస్ మా బెంచీ వైపు ఎగిరిపోయింది. జ్యోతి దాని వెంటపడి, నెట్‌కు వీపు పెట్టి, కనబడని స్పైకర్‌కు బంతి లేపింది. అంతకన్నా మంచి బంతి ఆ రోజు ఎవరూ లేపలేదు. మా స్పైకర్ బలమంతా పెట్టి కొట్టింది. బంతి గీత దాటి అవతల పడింది. ఓడిపోయాం. గ్యాలరీలో ఎవరో "సెట్టర్ కీ గల్తీ!" అన్నారు, తప్పు సెట్టర్‌దేనని. జ్యోతి విని తలెత్తి అటే చూసింది. ఏడవలేదు.

తిరిగొచ్చాక కమిటీ మీటింగుకు నన్ను పిలిచారు. ఆటగాళ్ళ తరఫున నీలిమను కూడా కూర్చోబెట్టారు. ఆమె కోపంగా ఉందన్న సంగతి అందరికీ తెలుసు.

"సెలక్షన్ తప్పు జరిగిందని ఒప్పుకోండి మేడమ్. ఇక్కడితో వదిలేద్దాం. వచ్చే ఏడు కూడా మీరే చూసుకుందురు," అన్నారు సెక్రటరీ.

"తప్పయితే ఒప్పుకునేదాన్ని. ఆ చివరి బంతి గీత లోపల పడి ఉంటే ఇదే సెలక్షన్‌కు నాకు దండ వేసేవారు. బంతి ఎక్కడ పడిందో దాన్నిబట్టి నా నిర్ణయం మారదు. రేపు మళ్ళీ అదే జట్టు, అవే సర్వ్‌లు అయితే మళ్ళీ జ్యోతినే పంపుతాను."

సెక్రటరీ నీలిమ వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నీకు అన్యాయం జరగలేదూ?"

నీలిమ లేచి నిలబడింది. "నాకు ఇంకా కోపంగానే ఉంది సార్. చివరి సెట్‌లో నేనుంటే గెలిచేవాళ్ళమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అన్యాయం కాదు. నన్ను నన్నుగా చూసి తూచింది దీదీ ఒక్కరే. నా వెనక పొడుగు పిల్లల్ని పెట్టి చూడలేదు. జ్యోతి వెనక పొట్టి పిల్లల్ని పెట్టి చూడలేదు. మీరు గెలుపులు మాత్రమే చూశారు. మీరు నన్ను తీసుకుని ఉంటే, నేనెందుకు అక్కడున్నానో నాకే తెలిసేది కాదు."

తర్వాతి ఏడు కమిటీ నన్ను పిలవలేదు. వేరే కోచ్‌ని పెట్టుకున్నారు. నేను అడగలేదు, ఎవరి చేతా అడిగించలేదు. జ్యోతి, నీలిమ ఇద్దరూ ఇప్పటికీ ఆడుతున్నారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు. పాస్ ఎలా వచ్చిందో ముందు చెప్పండి, తర్వాత జవాబిస్తానంటాను. కొందరికి ఆ జవాబు పొగరుగా కనిపిస్తుంది. కనిపించనీ.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. గెలుపు కొలవడం సులువు, ఎవరైనా చూసి చెప్పేస్తారు. ఆ గెలుపులో ఒక మనిషి వంతు ఎంతో తేల్చడానికి మాత్రం వంగి దగ్గరగా చూడాలి, చూసినది నలుగురికీ నచ్చకపోయినా చెప్పాలి. చెప్పినందుకు ఉన్న చోటు పోతే పోనీ. ఆ రోజు కమిటీ గదిలోంచి బయటికి వస్తుంటే నాకు ఓడిపోయినట్టు అనిపించలేదు.