ఐసు చొక్కా, మజ్జిగ సీసా

అమెరికాలోని నోవై ఊళ్లో మంచు గురించి అందరూ హెచ్చరించారు. ఆవిరి గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎమ్మెస్ మధ్యలో వచ్చిన వేసవిలో, కార్ల గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంటర్న్‌గా చేరాను. గేర్లను మరిగే నీళ్లతో కడిగే గదిలో సెన్సర్లు బిగించడం నా పని. ఆ గదిలోకి వెళ్లేవాళ్లు ఐసు ప్యాకెట్లు దోపిన చొక్కా తొడుక్కోవాలి. మనిషికి రెండు జతల ప్యాకెట్లు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఫ్రీజర్‌లో.

నాకు పని నేర్పే సీనియర్‌ది నల్లగొండ. ఆయన చొక్కా చేతికిస్తే నవ్వాను. "మాది రెంటచింతల అన్నా. ఎండ మాకు మేనమామ."

"మీ దగ్గర చెమట ఆరుతది తమ్మీ. ఈడ ఆరదు."

నేను వినలేదు. అంతటితో ఆగినా బాగుండేది. వాడని ప్యాకెట్లు ఫ్రీజర్‌లో ఊరికే చోటు తింటున్నాయని నా రెండు జతలూ తీసి బల్ల మీద పడేశాను. ఆ ఖాళీలో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ సీసా పెట్టాను.

మూడో రోజు మెషీన్ పక్కన వంగి స్క్రూ బిగిస్తుంటే, స్క్రూలు రెండయ్యాయి. రెండూ బిగించబోయాను. ఇంటర్న్‌కి ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి. తర్వాత నా మోకాళ్లు నన్ను అడక్కుండానే కూర్చున్నాయి.

అన్న నన్ను బయటికి లాక్కొచ్చి, నర్సుకు ఫోన్ చేయించి, ఫ్రీజర్ తెరిచాడు. నా ప్యాకెట్లు బల్ల మీద గోరువెచ్చగా పడున్నాయి. లోపల మజ్జిగ మాత్రం క్షేమంగా గడ్డకట్టింది. ఆయన తన చొక్కా విప్పి నాకు తొడిగాడు. తన రెండో జత ఐసు నా మెడ మీదా చంకల్లోనూ పెట్టాడు. నాకు ఒక్క జోకూ తట్టలేదు. వడదెబ్బకు అదే మొదటి లక్షణమని నర్సుకు చెప్పాల్సింది.

ఇంకాస్త ఆలస్యమైతే ఆసుపత్రే అని నర్సు తేల్చింది. నేను లేచి కూర్చున్నాక అన్న నా పక్కన కూర్చున్నాడు.

"మీ మామ బాగ అలిగినట్టుంది తమ్మీ."

తన ఐసంతా నాకే అయిపోవడంతో ఆయన ఆ రోజు గదిలోకి వెళ్లలేకపోయాడు. పని ఆగిందేమని అడిగిన మేనేజర్‌కి, ఆలస్యం తనవల్లేనని చెప్పాడట. నాకు వేరేవాళ్లు చెబితే తెలిసింది.

మర్నాడు ఎవరూ చెప్పకముందే చొక్కా తొడుక్కున్నాను. తడి గేదెను మోస్తున్నట్టుంది. అయినా విప్పలేదు. ఆ వేసవంతా ఇరవై నిమిషాలకోసారి అన్న గది కిటికీ అద్దం మీద తట్టేవాడు, నేను బయటికొచ్చి ప్యాకెట్లు మార్చుకునేవాణ్ణి. ఫ్రీజర్‌లో అందరి అరల మీదా టేపు అంటించి పేర్లు రాశాడు. నా అర మీద మాత్రం తెలుగులో "మజ్జిగ కాదు" అని రాశాడు.

ఆఖరి రోజు ఆ టేపును మెల్లగా ఊడదీసి తెచ్చుకున్నాను. ఎమ్మెస్ పట్టా ఏ పెట్టెలో ఉందో వెతకాలి గానీ, ఇది పర్సులోనే ఉంది.